మౌనంగా కూర్చుంటే ఏమీ జరగట్లేదు, ఇది ప్రార్థనేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రెండు నెలలుగా రోజూ పొద్దున్నే ఇరవై నిమిషాలు మాటల్లేకుండా దేవుని సన్నిధిలో కూర్చుంటున్నారు. దీనత్వం నేర్చుకోవాలని, ఆయన మీద ఆనుకోవడం అలవాటు కావాలని మొదలుపెట్టారు. తీరా కూర్చుంటే ఆలోచనల రద్దీ, మధ్యమధ్యలో కునుకు. ఏ స్వరమూ వినబడలేదు. పైగా ఉన్న నమ్మకం కూడా సన్నగిల్లుతున్నట్టుంది. "ఇది అసలు ప్రార్థనేనా, లేక నేనేదైనా తప్పు చేస్తున్నానా?" అన్నారు.

ప్రార్థనే. తప్పంటూ ఉంటే ఒక్కటే: లేచిన ప్రతిసారీ "ఇవాళ ఏం దొరికింది" అని లెక్క చూసుకుంటున్నారు. మీ ప్రశ్నంతా ఆ లెక్కే. దేవుని దగ్గర్నుంచి ఏదో రాబట్టడానికి కూర్చునేది కాదు మౌన ప్రార్థన. రాబట్టుకోవాలనే ఆ చెయ్యిని కాసేపు దించి ఆయన ముందు ఉండటం. దించడం మొదట్లో నష్టపోయినట్టే ఉంటుంది. మీకిప్పుడు అనిపిస్తున్నది అదే. ఇరవై నిమిషాలను పదికి తగ్గించండి, లెక్క మానేయండి, కూర్చోవడం మాత్రం మానకండి. ఇంతకుమించి తెలుసుకోవాలనిపిస్తే చదవండి, కాస్త పొడుగే రాస్తాను.

నేను ఇరవై రెండేళ్లుగా ఇలా కూర్చుంటున్నాను. మొదలుపెట్టింది మాత్రం భక్తితో కాదు, గొంతు ఆపరేషన్ వల్ల. స్వరతంతువు మీద చిన్న బుడిపె వస్తే తీసేశారు. వారం రోజులు పెదవి విప్పొద్దన్నారు, ఆ తర్వాత కొన్నాళ్లు తప్పనిసరైతేనే మాట్లాడమన్నారు. అప్పటికి మా స్త్రీల కూటంలో ప్రార్థన అంటే ముందు నన్నే లేపేవారు. వచనాలు వరసగా నోటికొచ్చేవి, ఎక్కడ గొంతు పెంచాలో ఎక్కడ తగ్గించాలో తెలుసు. "అక్కా, నువ్వు ప్రార్థన చేస్తే వేరేగా ఉంటుంది" అనేవారు. "అదేం లేదమ్మా, అంతా ఆయన కృప" అంటూనే ఆ మాటను భద్రంగా ఇంటికి తెచ్చుకునేదాన్ని.

ఆపరేషన్ తర్వాత మొదటి కూటంలో ఒక కొత్తమ్మాయి ప్రార్థించింది. చెప్పిందే మళ్లీ చెప్తూ, "ప్రభువా... మా ఆయన... ప్రభువా..." అంటూ ఆగిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పక్కనే కూర్చుని ఆ ప్రార్థనను లోపల దిద్దుతున్నాను. ఇక్కడ బైబిల్లోని ఫలానా వాగ్దానం ఎత్తుకోవాల్సింది, అక్కడ స్తుతితో మొదలుపెట్టాల్సింది అని. మామూలు రోజైతే ఆమె ఆమేన్ అనగానే నేను అందుకుని గడగడా ప్రార్థించేదాన్ని, నాలో జరిగిన ఆ దిద్దుబాటు సంగతి నాకు తెలిసేదే కాదు. ఆ రోజు అందుకోవడానికి గొంతు లేదు. ఆ గదిలో ప్రార్థన చేయనిదాన్ని నేనొక్కదాన్నే అని అప్పుడు తెలిసింది.

మౌనం చేసే మొదటి పని ఇదే. ఎవరికీ ఇష్టంగా ఉండదు. మాటలు మనల్ని దేవుని దగ్గరికి తీసుకెళ్తాయి, నిజమే. కొన్నిసార్లు ఆయనకు కనబడకుండా దాక్కోవడానికీ పనికొస్తాయి. దాక్కునే చోటు తీసేస్తే కోపాలు, పోలికలు, పాత కక్షలు అన్నీ బయటికొస్తాయి. మీరు "ఆలోచనల రద్దీ" అన్నది కొంతవరకు ఇదే. అవి మౌనం వల్ల పుట్టలేదు, ముందునుంచీ ఉన్నాయి. ఇప్పుడు చప్పుడు తగ్గింది కాబట్టి వినబడుతున్నాయి.

అలాగని మౌనంగా ఉంటే చాలు దీనత్వం వచ్చేస్తుందనుకోకండి. లూకా సువార్త 18లో పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించేవాడు), సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) ఇద్దరూ దేవాలయానికి వెళ్తారు కదా. పరిసయ్యుడు పెద్ద గొంతుతో అందరికీ వినబడేలా ప్రార్థించాడని మన ఊహ. మన తెలుగు బైబిల్లో అతని మాటల చివర మళ్లీ చూడండి: "తనలో తాను ప్రార్థించుచుండెను" అని ఉంటుంది. అతనిదీ ఒక రకంగా మౌన ప్రార్థనే! వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదనంతటిలో పదోవంతు, దూరంగా నిలబడ్డ సుంకరి మీద ఒక చురక, అన్నీ లోలోపలే. సుంకరి నోరు విప్పి అన్నది ఒక్క ముక్క: "దేవా, పాపినైన నన్ను కరుణించుము." నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లింది అతను. కాబట్టి తేడా శబ్దంలో లేదు. ఒకరు తన దగ్గరున్న జాబితాతో నిలబడ్డారు, ఇంకొకరి దగ్గర చూపించడానికి ఏమీ లేదు. రెండు నెలల తర్వాత మీ చేతిలో కూడా ఏమీ లేదంటున్నారు. నాకైతే అది చెడ్డ వార్తలా అనిపించలేదు.

బైబిల్లో కీర్తన 131 దగ్గర కాసేపు ఆగండి. మూడే వచనాలు. "నా హృదయము అహంకారము గలది కాదు" అని మొదలవుతుంది, తనకు అందని గొప్ప సంగతుల జోలికి పోవట్లేదంటుంది, ఆ తర్వాత ప్రాణాన్ని నిమ్మళపరచుకున్నానంటూ ఒక పోలిక చెప్తుంది: "చనుపాలు విడిచిన పిల్ల తన తల్లియొద్దనున్నట్లు." దీన్ని ఎన్నేళ్లు చదివినా "తల్లి ఒడిలో పాప" అనే బొమ్మే నా కళ్ల ముందుండేది. పాలు *విడిచిన* పిల్ల అన్న సంగతి నా చిన్నవాడికి పాలు మాన్పించేదాకా పట్టలేదు.

పాలు తాగే పిల్ల ఒడిలోకి వస్తే ఊరికే ఉండదు. మొహంతో వెతుకుతుంది, చేత్తో లాగుతుంది, దొరక్కపోతే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంది. దానికి తల్లి అంటే పాలే. మాన్పించిన మొదటి రోజులు ఇద్దరికీ నరకం. వాడు నా మొహంలోకి చూసి ఏడ్చేవాడు. ఉన్నదాన్ని కావాలని ఇవ్వట్లేదని వాడికి తెలుసు. కొన్ని వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం వచ్చి ఒళ్లో కూర్చున్నాడు. వెతకలేదు, లాగలేదు. వీపు నాకానించి, నా గాజుతో కాసేపు ఆడుకుని, వాడి దారిన వాడు దిగిపోయాడు. నాకోసం వచ్చాడన్నమాట, మొదటిసారి.

మీరిప్పుడు ఆ మాన్పించే రోజుల మధ్యలో ఉన్నారు. ఇంతకుముందు ప్రార్థనలో కళ్లు చెమర్చేవని, సంతోషంగా అనిపించేదని, ఇప్పుడవేమీ లేవని రాశారు. అవి పాలు. పాలు చెడ్డవని ఎవరూ అనరు, వాటితోనే ఎదిగాం. ఆగినప్పుడు మాత్రం తల్లి లేదని ఏడుస్తాం, తల్లి ఒళ్లోనే కూర్చుని. ఆ కీర్తన రాసినవాడు "నిమ్మళంగా ఉంది" అని ఊరుకోలేదు, "నిమ్మళపరచుకొని యున్నాను, సముదాయించుకొని యున్నాను" అన్నాడు. అంటే సముదాయించాల్సినంత ఏడుపు అక్కడా ఉందన్నమాట.

ఇక నమ్మకం సంగతి. మన సంఘాల్లో "కనిపెట్టుకొని ఉండటం" అనే మాట వాడతాం. మామూలు తెలుగులో కనిపెట్టడమంటే లేనిదాన్ని తయారుచేయడం, లేదా దాగి ఉన్నదాన్ని పట్టుకోవడం. బైబిల్ తెలుగులో మాత్రం ఎదురుచూడటం. మనలో చాలామంది ఈ రెండో అర్థంతో కూర్చుని మొదటి అర్థంతో పనిచేస్తుంటారు: ఈ రోజు దేవుని చిత్తం కనిపెట్టేయాలి, ఈ కష్టానికి కారణం కనిపెట్టేయాలి అని. కీర్తన 130లో ఉన్నది కావలివాడు. ఉదయం కోసం కనిపెట్టే కావలివాడి కంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోంది అంటాడు. కావలివాడు తెల్లవారేలా చేయలేడు. నిద్రపోకుండా చూస్తూ ఉండటమే అతని ఉద్యోగం. సూర్యుణ్ణి రప్పించడం అతని డ్యూటీ కాదు! అది ఒప్పుకోవడం దీనత్వం, అయినా తెల్లవారుతుందని అటువైపే మొహం పెట్టి కూర్చోవడం నమ్మకం. అందుకే ఇవి రెండూ నాకెప్పుడూ విడివిడిగా దొరకలేదు. కీర్తన 62 తెలుగులో చదివితే ఈ రెండూ ఒకే వాక్యంలో ఉంటాయి: "నా ప్రాణము దేవుని నమ్ముకొని మౌనముగా ఉన్నది."

మా నాన్న చివరి రోజుల్లో ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో పదకొండు రోజులు కూర్చున్నాను. మొదటి రెండు రోజులు వాగ్దానాలన్నీ ఎత్తి ప్రార్థించాను. మూడో రోజుకి మాటలు అయిపోయాయి. ఆ మాటలు ఎవరికి చెప్తున్నానో, దేవునికో నాకు నేనో తెలియలేదు. మౌన ప్రార్థన అనే మంచి పేరు పెట్టే స్థితి కూడా కాదది. ఊరికే ఆ తలుపు వైపు చూస్తూ ఉండటం. రోమా 8:26లో "ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో" ఆత్మ మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని ఉంది కదా, నాకు మిగిలింది ఆ ఒక్క వచనం. నాన్న తిరిగి రాలేదు. తర్వాత చాలా నెలలు దేవుని మీద కోపంగానే కూర్చున్నాను. ఒక్క స్తోత్రం రాలేదు. అయినా పొద్దున్నే ఇంట్లో నా ప్రార్థన కుర్చీలో కూర్చున్నాను. ఇప్పుడు వెనక్కి చూస్తే నా జీవితంలో నేను ఆయన్ని నిజంగా నమ్మింది ఆ నెలల్లోనే అనిపిస్తుంది. నమ్మకపోతే కోపంతో రోజూ ఎవరి దగ్గరికి వెళ్తాను?

"దేవుడు ఇది చేస్తాడని నమ్ముతున్నాను" అనడం వేరు, "దేవుణ్ణి నమ్ముతున్నాను" అనడం వేరు. పట్టుబడే ముందు గెత్సేమనే తోటలో యేసు గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగించమనే అడిగాడు, దాచుకోకుండా అడిగాడు. ఒకసారి కాదు, మళ్లీ వెళ్లి అదే మాట చెప్పాడు. గిన్నె తొలగలేదు. "నా యిష్టప్రకారము కాదు" అన్న మాట అంత సులువుగా వచ్చింది కాదు, చెమటతో వచ్చింది. మనకు పదినిమిషాల్లో రావాలంటే ఎలా?

ఇప్పుడు ఆచరణకొస్తే.

సమయం తగ్గించండి. పది నిమిషాలు. ఫోన్‌లో అలారం పెట్టి ఫోన్‌ను బోర్లించండి, లేకపోతే గడియారం చూస్తూనే ఉంటారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. 16వ శతాబ్దంలో అవిలా తెరేసా, ప్రార్థన గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పిన మనిషి, కొన్నేళ్లపాటు ప్రార్థన గంట ఎప్పుడైపోతుందా, గడియారం ఎప్పుడు కొడుతుందా అని చెవులు రిక్కించేదాన్నని తానే రాసుకుంది. అంతకు వెయ్యేళ్లకు పైగా ముందు ఈజిప్టు ఎడారిలో ఉన్న సన్యాసి ఎవాగ్రియస్ (399లో చనిపోయాడు) ఈ విసుగుకు మధ్యాహ్నపు దయ్యం అని పేరు పెట్టాడు: సన్యాసి మాటిమాటికీ కిటికీలోంచి సూర్యుడి వైపు చూస్తాడట, భోజనం వేళకి ఇంకెంతుందోనని. మనం ఫోన్ చూస్తాం, అంతే తేడా.

ఒక చిన్న మాట పట్టుకోండి. "ప్రభువా, కరుణించుము" కావచ్చు, ఉత్త "తండ్రీ" కావచ్చు. ఎవాగ్రియస్ తరువాతి తరంవాడైన కాసియన్, ఎడారి సన్యాసుల దగ్గర నేర్చుకుని కీర్తన 70 మొదటి వచనాన్ని అన్ని వేళలా పట్టుకోమన్నాడు, దేవా నా సహాయానికి త్వరగా రమ్మనేదాన్ని. జపంలా లెక్కపెట్టొద్దు. మనసు ఎటో వెళ్లిందని గమనించినప్పుడు ఆ మాటతో వెనక్కి రావడమే.

ఆలోచనలతో గొడవ పడొద్దు. ఇక్కడే చాలామంది వదిలేస్తారు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. పది నిమిషాల్లో మనసు ముప్పైసార్లు పారిపోయిందనుకోండి. ముప్పైసార్లు ఓడిపోయామనుకుంటాం. ముప్పైసార్లు తిరిగొచ్చారు కదా! తిరిగి రావడమే ఆ పది నిమిషాల్లో మీరు చేసే ప్రార్థన. తిరిగొచ్చేటప్పుడు "ఛీ, మళ్లీనా" అని మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారేమో చూసుకోండి. ఆ తిట్టులో దీనత్వం లేదు. "నాలాంటి మనిషికి ఇలా జరగడమేమిటి" అనే గర్వం ఉంది. దీనత్వం ఉన్నవాళ్లు తమ మనసు పారిపోయిందని ఆశ్చర్యపోరు. ఏ ఆలోచనైనా పదేపదే వస్తుంటే, అప్పు గురించో పిల్లల గురించో, దాన్ని ఒక్క వాక్యంలో ఆయనకు చెప్పేసి మళ్లీ ఊరుకోండి.

నిద్ర వస్తే ముందు రాత్రి సరిగ్గా పడుకోండి. అయినా వస్తే రానివ్వండి. లిజియూ తెరేసా అనే యువ సన్యాసిని, 1897లో ఇరవై నాలుగేళ్లకే చనిపోయింది, ప్రార్థనలో ఏళ్ల తరబడి నిద్రపోయేది. పిల్లలు నిద్రపోతున్నా మేలుకున్నా తల్లిదండ్రులకు ముద్దే కదా అనుకునేది.

కూర్చునే భంగిమ గురించి అడిగారు. నడుం నొప్పి రాకుండా కూర్చోండి, చాలు.

మాటల ప్రార్థన మానేయకండి. పది నిమిషాలయ్యాక యేసు నేర్పిన పరలోక ప్రార్థన పైకి చెప్పి లేవండి. ఇతరుల కోసం విజ్ఞాపన, స్తుతి, వాక్యం చదవడం, సంఘంతో కలిసి పాడటం అన్నీ ఉండాలి. మౌనం వాటికి పోటీ కాదు. 1 సమూయేలులోని హన్నాను గుర్తుచేసుకోండి: పెదవులు కదిలాయి, స్వరం వినబడలేదు, యాజకుడైన ఏలీ ఆమెను తాగి ఉందనుకున్నాడు. అదే హన్నా తర్వాతి అధ్యాయంలో గొంతెత్తి ఎంత పాట పాడిందో!

మూడు జాగ్రత్తలు చెప్పాలి.

ఒకటి, "ఇది వేరే మతాల ధ్యానం కదా, మనసు ఖాళీ చేస్తే ఇంకేదో దూరుతుంది" అని మిమ్మల్ని ఎవరో భయపెట్టారని రాశారు. మీరు మనసు ఖాళీ చేయట్లేదు, ఒకరి వైపు తిప్పుతున్నారు. కీర్తన 46లో "ఊరకుండుడి" అన్న తర్వాత ఆ వచనం ఆగదు, "నేనే దేవుడనని తెలిసికొనుడి" అంటుంది. ఎదుట ఎవరున్నారో తెలిసిన మౌనం అది.

రెండు, మౌనంలో తట్టిన ప్రతిదీ దేవుని స్వరం కాదు. నేను నడిపిన ఒక ధ్యాన కూటంలో ఒకాయన రెండో రోజుకే లేచి, ఉద్యోగం మానేయమని ప్రభువు చెప్పాడన్నారు. మాట్లాడగా మాట్లాడగా తేలిందేమిటంటే, పై అధికారితో ఆయనకు ఆరు నెలలుగా పడట్లేదు. చెప్పింది ప్రభువు కాదు, అలసట. వాక్యంతో సరిచూసుకోండి, మిమ్మల్ని ఎరిగిన పెద్దవాళ్లు ఇద్దరితో మాట్లాడండి, కొన్నాళ్లు ఆగండి. నిజంగా ఆయన మాటే అయితే ఆగినంత మాత్రాన చెడిపోదు.

మూడు, ఇది అన్నిటికంటే గట్టిగా చెప్తున్నాను. దీనత్వమంటే ఇంట్లో దెబ్బలు తింటూ నోరు మూసుకోవడం కాదు. దేవుని ముందు మౌనం వేరు, అన్యాయం ముందు మౌనం వేరు. రెండోదాన్ని మొదటి పేరుతో పిలిచి ఆడవాళ్లకు నేర్పడం నేను చాలా చూశాను. అలాగే కళ్లు మూసుకోగానే గుండెదడ, పాత భయంకరమైన సంగతులు కళ్లముందు ఆడటం, బతకాలనిపించకపోవడం ఉంటే మౌనం ఆపండి. పైకి పాడండి, ఎవరితోనైనా కలిసి ప్రార్థించండి, డాక్టర్‌ను కలవండి. మందులు వేసుకోవడం అవిశ్వాసం కాదు.

చివరగా, "ఎన్నాళ్లకు ఫలితం తెలుస్తుంది" అన్నారు. కుర్చీలో తెలియదు, నాకెప్పుడూ తెలియలేదు. బయట తెలుస్తుంది, అదీ ముందు ఇంట్లోవాళ్లకి. వాదనలో చివరి మాట నాదే కావాలనే పట్టు కొంచెం సడలుతుంది. ఎవరైనా తమ కష్టం చెప్తుంటే సలహా సిద్ధం చేసుకోకుండా వినగలుగుతారు. మా కూటంలో ఆ అమ్మాయి ప్రార్థనను దిద్దకుండా ఆమేన్ అనడానికి నాకు ఏడాది పైగానే పట్టింది.

ఆ ఎదుగుదలను కూడా కొలవాలనిపిస్తుంది, జాగ్రత్త. మొదటి ఏడాది నేను ఒక నోట్‌బుక్ పెట్టుకుని రోజుకో టిక్కు కొట్టేదాన్ని. నలభై ఒక్క రోజులు తప్పకుండా కూర్చున్నానని చూసుకుని, ఆ పేజీ ఎవరికైనా కనబడేలా బల్ల మీద తెరిచే ఉంచాను. మావాడు ఎటూ ఖాళీ ఉంది కదా అని మిగతా పేజీల్లో ఎక్కాలు రాసుకున్నాడు. పదమూడో ఎక్కం మొత్తం తప్పు. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ ఉంది.